పిలిస్తే పలికే రిమోట్

కనబడని ఫోన్‌కు రింగిస్తే మోగుతుంది. రిమోట్ ఎందుకు మోగదు? దానికి చెవులు లేవు కాబట్టి! మామూలు టీవీ రిమోట్ పరారుణ కాంతిని పంపగలదే తప్ప దేన్నీ అందుకోలేదు. టీవీ ఎంత పిలిచినా దానికి తెలియదు. స్ట్రీమింగ్ పరికరాల రిమోట్లలో చాలావాటికి బ్లూటూత్ ఉంటుంది. ఈ రేడియో తరంగాలు రెండు వైపులా కబురు మోస్తాయి. దిండు కాంతిని ఆపేస్తుంది, వీటిని ఆపలేదు. 2024లో వచ్చిన గూగుల్ టీవీ స్ట్రీమర్ వెనక బటన్ నొక్కితే సోఫా సందులోని రిమోట్ కుయ్యిమనేది అందుకే.

"మా రిమోట్‌లోనూ బ్లూటూత్ ఉంది, మోగదేం?" అంటారా? వినగలిగితే చాలదు, పలకడానికి బుల్లి స్పీకరూ ఉండాలి. చాలా రిమోట్లలో అది ఉండదు. అలాగని స్పీకర్ లేకపోతే దారే లేదనుకోకండి. యాపిల్ టీవీ కొత్త రిమోట్లు మోగవు. అయినా 2023 నుంచి వాటికి మనం దగ్గరవుతున్నామో దూరమవుతున్నామో ఐఫోన్ తెరే చూపిస్తోంది. దగ్గరికెళ్లే కొద్దీ సిగ్నల్ బలపడుతుంది మరి. ఎప్పుడూ వింటూ ఉంటే బ్యాటరీ అయిపోదా అన్నది మంచి సందేహమే. రిమోట్ అదేపనిగా వినదు, మధ్యమధ్య క్షణంపాటు మేలుకుంటుంది, అంతే. బ్యాటరీ పూర్తిగా అయిపోతే మాత్రం ఈ ఉపాయాలేవీ పారవు. అప్పుడు టీవీ ఉన్న వైఫైలోనే ఉన్న ఫోన్ యాప్‌తో దాన్ని నడుపుకుంటూ, తీరిగ్గా దిండ్లు ఎత్తి వెతకండి.