చెత్త ప్లాంట్ల పొగలో యూరియా ఎందుకు కలుపుతారు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో యూరియా అంటే పొలానికి చల్లే ఎరువే. చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంట్లలో పొగను శుభ్రం చేయడానికీ అదే యూరియా పనికొస్తుంది. ఎలాగో చూద్దాం.

ఏమిటీ నైట్రోజన్ ఆక్సైడ్లు?

మిగిలిన అన్నం, కూరగాయలు, బట్టలు, తోలు వంటి వాటిలో నైట్రోజన్ ఉంటుంది. అవి మండినప్పుడు అది ఆక్సిజన్‌తో కలిసి ఈ వాయువులుగా మారుతుంది. వీటిని పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఆస్తమా ఉన్నవారికి ఇబ్బంది పెరుగుతుంది. ఎండలో హానికర ఓజోన్ ఏర్పడటానికీ ఇవి కారణం.

ఎలా అదుపు చేస్తారు?

బ్యాగ్ ఫిల్టర్ దుమ్మును ఆపుతుంది గానీ ఈ వాయువులను ఆపలేదు. అందుకే ముందుగా ఫర్నేస్‌లోకి వెళ్లే గాలిని తగిన మోతాదులో పంపుతారు. తర్వాత యూరియా లేదా అమ్మోనియా ద్రావణాన్ని వేడి పొగలోకి స్ప్రే చేస్తారు. దాంతో నైట్రోజన్ ఆక్సైడ్లు మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారతాయి.

ఇది సుమారు 850 నుంచి 1,050 డిగ్రీల సెల్సియస్ మధ్యే బాగా పనిచేస్తుంది. వేడి తగ్గితే అమ్మోనియా పొగతో పాటు బయటికి పోతుంది. మరీ పెరిగితే అమ్మోనియానే మండి, మళ్లీ ఆక్సైడ్లు పుడతాయి. ఇంకా ఎక్కువగా తగ్గించాలంటే ఉత్ప్రేరకం వాడాలి. దానికి ఖర్చు ఎక్కువ.

పరిమితి ఎంత?

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లో ఘనపు మీటరు పొగకు 400 మిల్లీగ్రాములుగా నిర్ణయించారు.

ఈ మూడు జిల్లాల్లో పరిస్థితి?

చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు హైదరాబాద్ శివారులోని జవహర్‌నగర్‌లో ఉంది. భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం బొగ్గుతో నడుస్తుంది. బొగ్గు కేంద్రాలకు పరిమితులు వేరుగా ఉన్నాయి.

వీధి చివర చెత్తకు నిప్పు పెడితే మాత్రం ఏ అదుపూ ఉండదు. ఎత్తైన పొగగొట్టం, యూరియా స్ప్రే, కొలిచే యంత్రం ఏవీ ఉండవు. పొగ నేరుగా ఇళ్లలోకే వస్తుంది. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే నిషేధించింది. కాలిస్తే రూ.5,000, పెద్ద మొత్తంలో అయితే రూ.25,000 జరిమానా.

మనం చేయాల్సింది?

తడి చెత్తను వేరుగా ఇవ్వాలి. అది కంపోస్టుకు వెళ్తే అందులోని నైట్రోజన్ మంటలోకి చేరదు. పొడి చెత్త నిలకడగా మండుతుంది కాబట్టి, ప్లాంటులో వేడిని అదుపు చేయడమూ సులువవుతుంది.