డిఫెండర్ నుంచి ద్రోణాచార్య దాకా: మన హైదరాబాద్ నయీముద్దీన్

మొన్న మదనపల్లెలో గ్రౌండ్ దగ్గర ఒక తమ్ముడు అడిగినాడు: "అన్నా, ఫుట్‌బాల్ ఆడితే ముప్పై ఐదేళ్లకు కాళ్లు అలిసిపోతాయి కదా, ఆ తర్వాత ఏం చేయాల?" మంచి ప్రశ్న. పుంగనూరులో, కుప్పంలో చూసేవాళ్లకు కూడా ఇదే డౌట్ ఉంటుంది. దానికి జవాబుగా ఈరోజు ఒక మనిషి కథ చెప్తా.

ఆయన పేరు సయ్యద్ నయీముద్దీన్. 1944లో హైదరాబాద్‌లో పుట్టినారు. ఆడింది డిఫెండర్‌గా. మొదట హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్. కోచ్ రహీమ్ సాబ్ చేతిలో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన టీమ్ అది. అక్కడి నుంచి నయీమ్ కోల్‌కతా పోయి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్, మూడు పెద్ద క్లబ్బులకూ ఆడినారు. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో ఇండియా కెప్టెన్ ఆయనే. జపాన్‌ను 1-0తో ఓడించి కాంస్యం తెచ్చినారు. ఏషియాడ్ ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు ఇంకో మెడల్ రాలేదు. అదే ఏడాది అర్జున అవార్డు కూడా వచ్చింది.

ఇంతవరకూ ఆటగాడి కథ. అసలు కథ ఇక్కడి నుంచే మొదలు.

బాగా ఆడినంత మాత్రాన కోచ్ అయిపోరు. ఆటగాడు తన ఆట తాను చూసుకుంటే చాలు. కోచ్ మాత్రం ఎవరిని ఆడించాల, ఎవరిని బెంచీ మీద కూర్చోబెట్టాల, కూర్చున్నోడు అలిగితే ఎట్లా, అన్నీ చూసుకోవాల. ఓడితే మొదట పోయేది కూడా కోచ్ ఉద్యోగమే. నయీమ్ సాబ్ ఫిట్‌నెస్, క్రమశిక్షణ విషయంలో చానా స్ట్రిక్ట్. స్టార్ అయినా సరే, రాజీ లేదు. ఫలితం? 1990లో ఈస్ట్ బెంగాల్ ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్, మూడు కప్పులూ ఒకే ఏడాది కొట్టింది. అదే ఏడాదికి ద్రోణాచార్య అవార్డు. తర్వాత ఇండియా టీమ్‌కు కోచ్, ఢాకాలో బ్రదర్స్ యూనియన్‌కూ కోచ్.

తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇదే. కాళ్లు ఆగినా ఆట ఆగదు. ఇప్పుడు దారి కూడా క్లియర్‌గా ఉంది: కోచింగ్ లైసెన్సుల్లో డి నుంచి సీ, బీ, ఏ, ఆపైన ప్రో. ఒక్కో మెట్టు ఎక్కాల. అయితే లైసెన్స్ కోసం ఆగొద్దు. ఈ ఆదివారం మీ వీధి పిల్లలు పదిమందిని పోగేసి, టయానికి గ్రౌండ్‌కు రప్పించి చూడు. అది చేయగలిగితే, కోచ్ పని సగం వచ్చినట్టే.

ఉంటా మరి, మళ్లీ కలుద్దాం.