మోడల్ యూఎన్: ఆ కుర్చీలో మన పిల్లలు ఎప్పుడు?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. గ్రూప్స్ కోసం, పోలీసు ఉద్యోగాల కోసం జిల్లాల నుంచి వచ్చిన మన పిల్లలు ఈ సందుల్లోని హాస్టళ్లలో ఉంటున్నారు. ఐక్యరాజ్యసమితి వాళ్లకు ఒక మార్కు బిట్టు. ఇదే నగరంలో పెద్ద స్కూళ్ల పిల్లలు సూట్లు వేసుకుని, ముందు ఒక దేశం పేరు పెట్టుకుని, అదే సమితి ప్రతినిధుల్లా వాదించడం నేర్చుకుంటున్నారు. దాని పేరే మోడల్ యూఎన్.

ఇది సమితి కంటే పాతది. 1920లో నానాజాతి సమితి ఏర్పడ్డాక, ఆ దశాబ్దంలోనే అమెరికా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులు దాని సమావేశాలను అనుకరించారు. 1927లో సిరక్యూస్‌లో అలాంటి సదస్సు జరిగింది. 1945లో ఐక్యరాజ్యసమితి వచ్చాక పేరు మారింది. 1950లలో బర్క్‌లీ, హార్వర్డ్ సదస్సులు, 1968లో హేగ్ సదస్సు మొదలయ్యాయి. అక్కడి నుంచి మన దేశానికి, హైదరాబాద్‌కూ వచ్చింది. మన ప్రభుత్వం 1966లో ఢిల్లీ స్కూళ్లలో మొదలుపెట్టిన యువ పార్లమెంటు పోటీలదీ ఇదే తరహా.

పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఒక్కొక్కరికి ఒక దేశం ఇస్తారు. ఆ దేశం వైఖరిని చదివి రాసుకురావాలి. వంతు ప్రకారం మాట్లాడాలి, బయట మద్దతు కూడగట్టాలి, తీర్మానం రాసి ఓటింగుకు పెట్టాలి. మాట్లాడేది సొంత అభిప్రాయం కాదు, ఆ దేశం మాట.

ఇది మనకెందుకు? కులం ప్రశ్న ఆ వేదికలను ఎప్పుడో తాకింది కాబట్టి. అమెరికా నల్లజాతి సంఘం సమితికి ఇచ్చిన వినతిపత్రం ప్రతి కావాలని 1946లో అంబేడ్కర్ డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. 1965 నాటి జాతి వివక్ష నిర్మూలన ఒప్పందంలో ‘వంశం’ అనే మాట ఉంది. 2001లో డర్బన్ సదస్సులో కుల వివక్షను చర్చించాలని దళిత సంఘాలు పట్టుబట్టాయి. కులం, జాతి ఒకటి కాదంటూ భారత ప్రభుత్వం అడ్డుపడింది. తుది ప్రకటనలో కులం మాట లేదు. మరుసటి ఏడాదే ఆ ఒప్పందాన్ని పర్యవేక్షించే కమిటీ, ‘వంశం’లో కులం కూడా వస్తుందని తేల్చి చెప్పింది.

ఒక్క మాట చేర్చడానికి, తీసేయడానికి అంత పోరాటం ఎందుకో క్లాసులో చెబితే అర్థం కాదు. ఆ కుర్చీలో కూర్చుంటే అర్థమవుతుంది. డర్బన్‌ను ఆడి చూపించే చోట భారత్ కుర్చీ మన పిల్లకే వస్తే, తనను గాయపరిచే వాదనను తానే వినిపించాల్సి రావచ్చు. అది బాధే. కానీ ఎదుటివాడి వాదనను లోపలి నుంచి తెలుసుకున్న మనిషిని ఓడించడం తేలిక కాదు.

అడ్డు రెండు చోట్ల ఉంది: రిజిస్ట్రేషన్ ఫీజు, ఇంగ్లీషు. ఈ ఆట నియమాల మీద ఎవరికీ హక్కు లేదు. తెలుగులో ఆడకూడదని ఎవరూ శాసించలేదు. ఒక హాస్టల్ హాలు, ఇరవై మంది, అట్టముక్కల మీద రాసిన దేశాల పేర్లు, ఒక ఆదివారం చాలు. మొదటి అంశం డర్బనే కావాలని మేము కోరుతున్నాం. ఆ రోజు మన లేకుండా రాసిన తీర్మానాన్ని ఎల్బీనగర్ హాస్టల్లో మన పిల్లలు తిరిగి రాయాలి. రేపు అసలు వేదిక ఎక్కేవాళ్లు అక్కడి నుంచే వస్తారు.