రాక్షసులతో మాటలా?

1993 డిసెంబరులో ‘డూమ్’ అనే వీడియో గేమ్ వచ్చింది. తుపాకీ పట్టుకుని రాక్షసుల మీద పడటమే ఆట. మరుసటి ఏడాది బ్రిటన్ పత్రిక ‘ఎడ్జ్’ దానికి పదికి ఏడు మార్కులిచ్చి, ఆ జీవులతో మాట్లాడే వీలుంటే ఎంత బాగుండేదో అంది. పులిహోరలో పంచదార తగ్గిందన్నట్టు! ఆటలాడేవాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటారు. మొదట్లో నేనూ నవ్వాను.

తర్వాత, 2019లో వచ్చిన ‘డిస్కో ఎలీసియం’ ఆడాను. తాగి మతిపోయిన డిటెక్టివ్ కథ. కాల్పుల ఆట కాదు, మాటలే ఆయుధాలు. ఆ ఏడాది ‘ది గేమ్ అవార్డ్స్’లో నాలుగు బహుమతులు దానికే. ఎడ్జ్ సమీక్షకుడి కోరిక తప్పు కాదు, అడిగిన చోటే తప్పు.

డూమ్‌కి నా మార్కులు తొమ్మిది. రంగురంగుల తాళం కార్డుల కోసం గదిగదికీ తిప్పినందుకు ఒకటి కోత.