సంతకానికి ముందు నాలుగు పాఠాలు

సరిహద్దు పల్లెల్లోని తెలుగు కుటుంబాలకు ఇంట్లో మాట ఒకటి, కచేరీలో రాత మరొకటి. బళ్లారి, కృష్ణగిరి, రాయగడ, సిరొంచ ప్రాంతాల్లో బ్యాంకు పత్రాలు హిందీ, ఇంగ్లీషులతో పాటు ఆయా రాష్ట్ర భాషలలో ఉంటాయి. ఆ లిపులు రాని పెద్దలు ఎవరో వేలు పెట్టి చూపిన చోట సంతకం చేసి వస్తారు. ఈ లోటును తీర్చగలవారు ఊరిలోనే ఉన్నారు. విశ్రాంత బ్యాంకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు, స్వయం సహాయక సంఘాల్లోని చదువుకున్న మహిళలు స్వచ్ఛందంగా పూనుకొంటే నాలుగు సాయంకాలాలలో నాలుగు పాఠాలు చెప్పవచ్చును.

మొదటిది వడ్డీ లెక్క. పల్లెలో వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకొంటాము. బ్యాంకు ఏడాదికి ఇంత శాతమని చెబుతుంది. అందువల్లనే ‘రెండు రూపాయల వడ్డీ’ చిన్నదిగా, ‘ఏడు శాతం’ పెద్దదిగా తోస్తుంది. రూపాయలను 12తో హెచ్చవేస్తే నిజం తేలుతుంది. రెండు రూపాయల వడ్డీ అంటే 24 శాతం. 50,000 రూపాయల అప్పుకు ఏడాది వడ్డీ 12,000. అదే సొమ్ము కిసాన్ క్రెడిట్ కార్డుపై పంట రుణమైతే 7 శాతం చొప్పున 3,500. గడువులోగా చెల్లించిన రైతుకు 3 శాతం రాయితీ పోను 2,000 మాత్రమే.

రెండవది దాచుకొన్న సొమ్ముకు భద్రత. అగ్రిగోల్డ్ వ్యవహారంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో పాటు కర్ణాటక, తమిళనాడు, ఒడిశా డిపాజిటర్లు కూడా నష్టపోయిన సంగతి పాఠకులకు విదితమే. బ్యాంకు డిపాజిట్లకు 2020 ఫిబ్రవరి 4 నుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయల వరకు బీమా ఉన్నది. ఏజెంటు చేతికిచ్చే సొమ్ముకు ముందు ఆ సంస్థకు డిపాజిట్లు తీసుకొనే అనుమతి ఉన్నదో లేదో రిజర్వు బ్యాంకు వారి ‘సచేత్’ వెబ్‌సైటులో చూడవలెను.

మూడవది బీమా. ఏడాదికి 436 రూపాయలతో జీవన్ జ్యోతి, 20 రూపాయలతో సురక్షా బీమా ఉన్నాయి. మొదటిది ఏ కారణంగా మరణించినా, రెండవది ప్రమాదంలో మరణించినా కుటుంబానికి 2 లక్షలు ఇస్తుంది. ఖాతాలో నిల్వ లేక ప్రీమియం తెగకపోతే రక్షణ ఆగిపోతుంది. ఇంటి యజమాని గతించినప్పుడు పాసుపుస్తకంలో ఈ పద్దులు ఉన్నవేమో వెతకవలెనని ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి. నామినీ పేరు రాయించుటయూ అంతే ముఖ్యం.

నాలుగవది సెల్‌ఫోను. డబ్బు పంపడానికే పిన్ కావాలి, రావడానికి అక్కరలేదు. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోను చేయవలెను.

బోధన తెలుగులోనే సాగాలి. అయితే పత్రంలోని ‘అప్పు’, ‘పొదుపు’, ‘నామినీ’ వంటి పది పన్నెండు మాటలను కన్నడ, తమిళ, ఒడియా లేక మరాఠీ లిపిలో గుర్తుపట్టడం కూడా నేర్పాలి. ఎవరి పాసుపుస్తకం వారే తెచ్చుకొని చదివితే పాఠం నిలుస్తుంది. లీడ్ బ్యాంకుల ఆర్థిక అక్షరాస్యతా కేంద్రాలను కోరితే ఉచితంగా సహకరిస్తాయి.

బోధకులకు ఒక్క నియమం తప్పనిసరి. ఒకరి డబ్బు, పిన్, ఖాళీ సంతకం ముట్టరాదు, పాలసీలు అమ్మరాదు. ఈ నియమాన్ని మొదటి రోజుననే అందరి ముందు చెప్పినవారి వద్దనే మన పెద్దలు పాఠం నేర్చుకొనవలెను.