ఆరోగ్య సిబ్బంది వస్త్రధారణ నియమాలు: పరిశుభ్రత, గుర్తింపు, మర్యాద

వ్యాససంగ్రహం:
నర్సులు, ఇతర ఆరోగ్య సిబ్బంది పాటించవలసిన వస్త్రధారణ నియమాలు పైకి ఒకే జాబితాగా కనిపిస్తాయి. వాటి వెనుక సంక్రమణ నివారణ, గుర్తింపు, మర్యాద అనే మూడు వేర్వేరు ప్రయోజనాలున్నాయి. ఈ మూడింటినీ విడదీసి చూసినప్పుడే ఏ నియమం రోగి ప్రాణరక్షణకు సంబంధించినదో, ఏది కేవలం ఆచారమో తేలుతుంది. ఈ విభజనను చారిత్రక, సమకాలీన ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: నర్సింగ్, వస్త్రధారణ, సంక్రమణ, హోదా, సంబోధన.

1. ఉపోద్ఘాతం

వార్డులో మంచం మీద ఉన్న రోగి తన దగ్గరకు వచ్చిన వ్యక్తి ఎవరో మొదట దుస్తులను బట్టే ఊహిస్తాడు. తెలుగునాట వైద్యరంగంలో 'ఆప్రాన్' అని పిలిచే తెల్లకోటు వేసుకున్న పురుషుడు 'డాక్టరుగారు' అవుతాడు. అదే కోటు వేసుకున్న స్త్రీ వైద్యురాలైనా సరే, తరచు 'సిస్టర్' అనే పిలుపే వినవలసి వస్తుంది. క్రైస్తవ సన్న్యాసినులు రోగులకు సేవ చేసిన సంప్రదాయం నుంచి వచ్చిన ఈ మాట బ్రిటన్‌లో వార్డు బాధ్యత వహించే నర్సు హోదాగా నిలిచింది. తెలుగులో మాత్రం అది నర్సులందరికీ వర్తించే సంబోధనగా స్థిరపడింది. దుస్తులు శరీరాన్ని కప్పడంతో పాటు హోదాను, లింగభేదాన్ని, నమ్మకాన్ని కూడా సూచిస్తాయని ఈ పిలుపుల తేడా తెలుపుతుంది.

2. చారిత్రక నేపథ్యం

1847లో వియన్నా ప్రసూతి వైద్యశాలలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ వైద్యుల చేత క్లోరిన్ కలిపిన సున్నపు ద్రావణంతో చేతులు కడిగించి బాలింతల మరణాలను తగ్గించగలిగాడు. 1859లో వెలువడిన 'నోట్స్ ఆన్ నర్సింగ్' గ్రంథంలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పట్టుబట్టల గరగర శబ్దం, క్రినోలిన్ లంగాల వెడల్పు రోగులకు ఎంత ఇబ్బంది కలిగిస్తాయో చర్చించింది. అంటే నర్సు దుస్తులను ఆమె రోగి సౌఖ్యం దృష్టితో పరిశీలించింది. 1867లో జోసెఫ్ లిస్టర్ క్రిమిసంహారక శస్త్రచికిత్సా పద్ధతిని ప్రకటించిన తరువాత వైద్యంలో శుభ్రతకు ప్రాధాన్యం పెరిగింది. మరక వెంటనే కనబడే తెలుపు ఆ శుభ్రతకు చిహ్నమయింది. అయితే శస్త్రచికిత్స గది దీపాల వెలుగులో తెలుపు కళ్లకు శ్రమ కలిగించింది. 1914లో శాన్‌ఫ్రాన్సిస్కో శస్త్రవైద్యుడు హ్యారీ షెర్మన్ ఆకుపచ్చ వస్త్రాలను ప్రవేశపెట్టడానికి కారణం అదే. ప్రయోజనం మారితే రంగు కూడా మారుతుందని ఇక్కడ గ్రహించాలి.

3. సంక్రమణ నివారణకు సంబంధించిన నియమాలు

2007లో ఇంగ్లండు ఆరోగ్యశాఖ రోగులను తాకే సిబ్బంది మోచేతి కింద ఏమీ ధరించరాదని సూచించింది. పొడుగు చేతుల కోటు, చేతి గడియారం, గాజులు ఈ నియమం కిందికి వస్తాయి. సాదా పెళ్లి ఉంగరానికి మాత్రం మినహాయింపు ఉంది. దుస్తుల ద్వారా రోగం వ్యాపిస్తుందనడానికి నిర్ణాయకమైన ఆధారం లేదని ఆ మార్గదర్శకమే అంగీకరించింది. మరి నియమం ఎందుకు? మణికట్టు దాకా చేతులు సరిగా కడుక్కోవడానికి ఆటంకం ఉండకూడదు కాబట్టి. నర్సులు గడియారాన్ని ఛాతీ మీద తలకిందులుగా తగిలించుకోవడం ఈ అవసరానికి చక్కగా సరిపోతుంది. యూనిఫాంను 60 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో 10 నిమిషాలు ఉతికితే దాదాపు అన్ని సూక్ష్మజీవులూ తొలగుతాయని కూడా ఆ పత్రం పేర్కొంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 నాటి చేతుల పరిశుభ్రత మార్గదర్శకాలు కృత్రిమ గోళ్లను వద్దన్నాయి. సహజమైన గోళ్ల కొసలు 0.5 సెంటీమీటరు కంటే తక్కువ ఉండాలన్నాయి.

గాజులు సౌభాగ్య చిహ్నమైన తెలుగు సమాజంలో ఈ నియమం సున్నితమైనది. ఇలాంటి సమస్యకు ఇంగ్లండులో 2010 నాటి సవరణ ఒక దారి చూపింది. మతవిశ్వాసం వల్ల కడియం లేదా పొడుగు చేతులు ధరించేవారు చేతులు కడిగేటప్పుడు, రోగిని తాకేటప్పుడు వాటిని పైకి జరిపి కదలకుండా నిలపాలి. నియమం లక్ష్యం చేతుల శుభ్రత కాబట్టి, ఆ లక్ష్యం నెరవేరే ప్రత్యామ్నాయాన్ని అంగీకరించవచ్చు.

4. గుర్తింపు

తనకు సూది వేసేది ఎవరో తెలుసుకునే హక్కు రోగికి ఉంది. 2013లో బ్రిటన్‌లో క్యాన్సర్‌తో చికిత్స పొందుతున్న వైద్యురాలు కేట్ గ్రేంజర్, సిబ్బంది తమ పేరు చెప్పి పరిచయం చేసుకోవాలనే ఉద్యమాన్ని ఆరంభించింది. లైబీరియాలో ఎబోలా కాలంలో రక్షణ కవచాల వెనుక ముఖాలు కనబడక రోగులు భయపడుతుంటే, కళాకారిణి మేరీ బెత్ హెఫర్నన్ సిబ్బంది నవ్వుముఖాల ఛాయాచిత్రాలను ఆ కవచాల మీద అంటించే ఏర్పాటు చేసింది. ఈ దృష్టితో చూస్తే పేరుపట్టీ కూడా దుస్తుల్లో భాగమే. ఆ పట్టీ మీద పేరు, హోదా ఆంగ్లంలో మాత్రమే ఉంటే తెలుగు తప్ప వేరే లిపి రాని రోగికి అది ఉన్నా లేనట్లే.

5. మర్యాద పేరిట వచ్చే నియమాలు

2023 ఫిబ్రవరిలో హర్యానా ప్రభుత్వం తన ఆసుపత్రుల సిబ్బందికి ప్రకటించిన వస్త్రనియమావళిలో జీన్స్, అలంకరణ, ఆభరణాలు, పొడుగు గోళ్లు ఒకే నిషేధ జాబితాలో చేరాయి. గోళ్ల నియమానికి సంక్రమణ నివారణ హేతువుంది. జీన్స్ నియమానికి ఉన్నది ఔచిత్య భావన మాత్రమే. ఔచిత్యం అనవసరమని దీని అర్థం కాదు. సిబ్బంది వేషం రోగి విశ్వాసాన్ని ప్రభావితం చేస్తుంది. అయితే రెండింటినీ ఒకే బరువుతో చెప్పినప్పుడు ఒకదానిపై కలిగిన అసంతృప్తి రెండోదాన్ని కూడా బలహీనపరుస్తుంది. పైగా ఇలాంటి నియమాల భారం ఎక్కువగా స్త్రీల మీద, కింది స్థాయి ఉద్యోగుల మీద పడుతుంది. నర్సు గాజులను ప్రశ్నించే వ్యవస్థ, ఉతకకుండా రోజుల తరబడి వేసుకునే పెద్ద డాక్టరు పొడుగు చేతుల ఆప్రాన్‌ను ప్రశ్నించకపోతే, ఆ నియమం శుభ్రత కోసం కాక అధికారం కోసం ఉన్నట్లవుతుంది. ఒకప్పుడు నర్సు వృత్తికి గుర్తుగా ఉన్న తలటోపీ ప్రయోజనం లేదని తేలి అనేకచోట్ల కనుమరుగయింది. ఆచారాన్ని వదులుకున్నంత మాత్రాన వృత్తిగౌరవం తగ్గదనడానికి ఇది నిదర్శనం.

6. ముగింపు

ఏ వస్త్రనియమాన్నైనా మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. ఇది రోగికి సోకే ప్రమాదాన్ని తగ్గిస్తుందా? ఎవరు ఎవరో తెలియజేస్తుందా? లేక చూసేవారి అభిరుచిని మాత్రమే తృప్తిపరుస్తుందా? మొదటి రెండింటికి 'అవును' అనే సమాధానం వచ్చే నియమాలు హోదాతో నిమిత్తం లేకుండా అందరికీ వర్తించాలి. మూడోదానికి చెందినవి సిబ్బందితో చర్చించి నిర్ణయించవలసినవి. నియమం విధించే సంస్థ చాలినన్ని జతల యూనిఫాంలు, మార్చుకునే గది, ఉతికే సౌకర్యం కల్పించాలి. ఆ బాధ్యతను విస్మరించిన చోట వస్త్రనియమం కాగితానికే పరిమితమవుతుంది. నష్టపోయేది మంచం మీద ఉన్న రోగి.