సయాం రైలుదారిలో మన పెద్దలు

జపాను వారి కాలంలో సయాంకు పోయి తిరిగిరాని వారు మన తోటల కుటుంబాలలో ఎందరో ఉన్నారు. వారు కన్నుమూసిన చోటు ఒక్కసారి చూచి రావాలని వారి బిడ్డలు, మనుమలు కోరుతూ ఉంటారు. వారిని వెంట తీసుకొనిపోయే యువకులు ముందుగా తెలుసుకోదగిన సంగతులు కొన్ని ఉన్నాయి.

సయాం అనగా నేటి థాయిలాండు. 1942 మధ్య నుండి 1943 అక్టోబరు వరకు జపాను సైన్యం అక్కడి బాన్‌పాంగ్ నుండి బర్మాలోని తన్‌బ్యుజయత్ వరకు 415 కిలోమీటర్ల రైలుదారి వేయించింది. ఆ పనిలో సుమారు 60,000 మంది యుద్ధఖైదీలు, లక్షల సంఖ్యలో ఆసియా కూలీలు ఉండిరి. మలయా రబ్బరు తోటల నుండి తమిళులను, తెలుగువారిని కూలి ఆశచూపి కొందరిని, బలవంతంగా కొందరిని తరలించారు. కలరా, మలేరియా, ఆకలి వారిని పొట్టన పెట్టుకున్నాయి. ఖైదీలలో 12,000 మందికి పైగా, కూలీలలో సుమారు 90,000 మంది మరణించారని అంచనా.

కాంచనబురి పట్టణంలోని యుద్ధ శ్మశానవాటికలో సుమారు 7,000 సమాధులు ఉన్నాయి. అవి ఖైదీలవి. ఖైదీలకు అధికారులు ఉండిరి. చనిపోయిన వారి పేర్లు రహస్యంగా రాసి ఉంచారు. యుద్ధం ముగిసిన 1945లోనే ఒక జట్టు ఆ దారి వెంట తిరిగి సమాధులను గుర్తించింది. మన కూలీల పేర్లు అలా రాసిన వారు లేరు. ఈ మాట ఇంటి పెద్దలకు బయలుదేరక ముందే నెమ్మదిగా చెప్పాలి. లేనిచో ఆ రాళ్ళ వరుసలలో తండ్రి పేరు వెదకి వెదకి వారు మరింత కుమిలిపోతారు.

అయినను పోదగిన చోటు ఉన్నది. అదే పట్టణంలోని వాట్ థావర్న్ వరారామ్ అనే బౌద్ధాలయంలో ఆసియా కూలీల అస్థికలపై కట్టిన స్మారకం ఉంది. దీపం వెలిగించి నమస్కరించవలసినది అక్కడ. బాంకాక్ నగరపు తొన్‌బురి స్టేషను నుండి కాంచనబురి మీదుగా నామ్‌టోక్ వరకు నేటికీ రైలు నడుస్తున్నది. కాంచనబురి దాటిన పిమ్మట అది సాగేది మన వారు వేసిన దారి మీదనే.

తర్పణం వదలదలచిన వారు గోత్రనామాలు రాసుకొని, విధానం మన పురోహితులను ముందే అడిగి తెలుసుకోవాలి. మరణతిథి తెలియని వారికి మహాలయ అమావాస్య ఉండనే ఉన్నది.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. ప్రయాణం కుదిరినా కుదరకున్నా, పోయిన వారి పేరు, తోట పేరు, భార్యాబిడ్డల పేర్లు ఇంటి ముసలివారిని అడిగి ఈనాడే రాసి పెట్టండి. ఆనాడు ఎవరూ రాయని ఆ పేర్లు మన ఇండ్లలోనే మిగిలి ఉన్నాయి.